పాత గోడల మధ్య కొత్త ఇల్లు

బ్యాంకు వాళ్ళకు సెప్టెంబరు 30 అర్ధ సంవత్సరపు లెక్కలు ముగించే రోజు. 2009లో ఆ రాత్రి పదకొండింటి దాకా బెంగళూరులో మా శాఖలోనే ఉండి, ఇంటికి వచ్చి పడుకున్నాను. తెల్లవారుతూనే ఊరి నుంచి ఫోను వచ్చింది. మా ఎదురింటి పెద్దాయన.

"మీ మిద్దె కూలిపోయిందప్పా. మీ చిన్నమ్మకేం కాలేదు. దూడ పోయింది" అన్నాడు.

ఆ ఏడు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కురిసిన వానలు చాలామంది పాఠకులకు గుర్తుండే ఉంటాయి. కర్నూలు పట్టణం నీళ్ళలో మునిగింది అప్పుడే. ఉత్తర కర్ణాటకలో వేలాది ఇళ్ళు కూలాయి. వాటిలో మాదొకటి. ఆ కూలిన ఇంటి గోడల మధ్యనే మేము దాదాపు పదేళ్ళ తర్వాత మళ్ళీ ఇల్లు ఎలా కట్టుకున్నామో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా ఇళ్ళ అప్పుల కాగితాలు చూసినవాణ్ణి. కనుక లెక్కలు కాస్త ఎక్కువగా కనిపిస్తే క్షమించాలి.

మా ఊరు బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో ఉంది. బళ్ళారిలో బస్సెక్కితే కాసేపటికి గుండ్ల గుట్టలు వెనకబడి నల్లరేగడి నేల మొదలవుతుంది. కాలువ పారిన చోట వరి, పారని చోట పత్తి, మిరప, జొన్న. మా తాత ఇల్లు కట్టేనాటికి ఇదంతా మద్రాసు రాజధానిలోని ఒకే బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలోకి, మా వైపు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళాయి. చిన్నమ్మ పుట్టిల్లు ఆలూరు దగ్గర. "సంబంధం మాట్లాడేటప్పుడు ఒకటే జిల్లా అబ్బీ, తాళి కట్టేటప్పటికి రెండు రాష్ట్రాలు" అని ఇప్పటికీ నవ్వుతుంది. మా ఇంటి పాత దస్తావేజు తెలుగులో ఉంది, పంచాయతీ కాగితాలు కన్నడంలో ఉన్నాయి. మేము రెండూ చదువుతాం. మా పిల్లలు రెండోది మాత్రమే చదువుతారు.

మట్టి మిద్దె అంటే ఏమిటో ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. గుట్ట రాయి పగలగొట్టి, బురద మట్టితో రెండడుగుల మందాన కట్టిన గోడలు. గోడల మీద వేప, టేకు దూలాలు. దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద కట్టెపుల్లలు, ఈతాకు, ఆ పైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు మన్ను తడిసినప్పుడు మెత్తగా పరుచుకుని సందులన్నీ పూడ్చేస్తుంది, నీటిని కిందికి దిగనివ్వదు. సిమెంటు లేని కాలంలో అదే మా పైకప్పుకు రక్షణ. వెలుతురుకూ పొగ పోవడానికీ నడి మిద్దెకు గవాక్షి. వీధి వైపు అరుగు, తలవాకిలి, లోపల ఒక పక్క ఎద్దుల గాడి, ఇంకో పక్క పడసాల, వెనక వంటిల్లు. ఏప్రిల్, మే నెలల్లో బయట నలభై డిగ్రీలు దాటినా పడసాలలో చాప వేసుకుని నిద్రపోయేవాళ్ళం.

అంత చల్లగా ఉంచిన మట్టే చివరికి ఇంటిని కూల్చింది. ఏటా ముంగారి వానలకు ముందు చౌడు తెచ్చి మిద్దె మీద పరిచేవారు. పాత పొర గీకి తీసేసి కొత్తది పోయాలన్నది మా తాతనాటి పద్ధతి. కూలీలు దొరకని రోజులు వచ్చేసరికి తీయడం మానేశారు, పోయడం మాత్రం సాగింది. కూలకుండా మిగిలిన మూలన నేను టేపు పెట్టి కొలిచాను. పద్నాలుగు అంగుళాల మట్టి. వంద చదరపు అడుగుల గది మీద అంత మందమంటే ఎండినప్పుడే 5 టన్నులకు పైన. రెండు మూడు రోజులు ఆగకుండా వాన పడితే 6 టన్నులు దాటుతుంది. దూలాల కొనలు గోడలో దూరిన చోట చెదలు తిని గుల్ల చేశాయి. ఇక నిలబడేదేమిటి?

ఆ రాత్రి పడసాల కురుస్తోందని చిన్నమ్మ మంచం తలవాకిట్లోకి లాక్కుంది. అక్కడ పైన బండలు పరిచి ఉన్నాయి. తెల్లవారుజామున పడసాల మిద్దె ఒక్కసారిగా కిందికి వచ్చింది. దూడ గాడి దగ్గర కట్టేసి ఉంది.

తర్వాత ఎనిమిదేళ్ళు ఆ ఇంటిని ఎవరూ పట్టించుకోలేదన్నది నిజం. నాయన మా దగ్గర బెంగళూరులో ఉండేవాడు. పెరట్లో రేకుల షెడ్డు వేయించి చిన్నమ్మను అందులో ఉంచాము. మా దగ్గరికి రమ్మంటే నెల ఉండి వెళ్ళిపోయేది. గోడల మధ్య పడ్డ మట్టి కుప్పలో వేప మొక్కలు లేచాయి. ఉగాదికి వెళ్తే అరుగు మీద కూర్చుని, లోపలికి చూడకుండా తిరిగి వచ్చేవాళ్ళం.

2016లో నాయన పోయాడు. దినాలు అయిపోయాక అన్న అన్నాడు: "రేయ్, జేసీబీ పెట్టిస్తే ఒక్క రోజులో స్థలం చదును అవుతుంది. పిల్లర్లు వేసి రెండంతస్తులు లేపుదాం. లేకుంటే అమ్మేద్దాం." అన్న మాటలో తప్పేమీ లేదు. అతను పుణెలో స్థిరపడ్డాడు, పిల్లలు అమెరికాలో. ఏడాదికి పది రోజులు ఉండే ఇంటికి పాత రాళ్ళతో యాతన ఎందుకన్నది అతని ప్రశ్న. నాకు జవాబు తెలియలేదు. ఆ గోడలు పోతే మాకు ఆ ఊరితో మిగిలేది ఒక సర్వే నంబరే అన్న దిగులు మాత్రం ఉంది. దిగులు చూపించి అన్నను ఒప్పించలేను కదా.

అప్పు సంగతి కనుక్కుందామని ఒక వేల్యుయేషన్ రాయించాను. స్థలానికి ఇంత అని రాసి, గోడల విలువ సున్నా వేశారు. పైగా వాటిని పడగొట్టి ఎత్తివేయడానికి లక్షన్నర తీసివేత చూపించారు. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నవ్వు వచ్చింది. నా సర్వీసులో ఇలాంటి నివేదికలు ఎన్నిటి మీదనో నేనే సంతకం చేసి పంపాను. తరుగు పూర్తిగా రాసేసిన బీరువాను కూడా మేము పుస్తకంలో ఒక రూపాయికి చూపిస్తాం, అది ఉందని గుర్తుండడానికి. మా గోడలకు ఆ రూపాయి కూడా దక్కలేదు.

అసలు వాటిలో ఏముందో చూద్దామని బళ్ళారి నుంచి ఒక కుర్ర ఇంజనీరును తీసుకుపోయాను. అతను గోడల వంక చూడనే లేదు. గోడల అడుగున నాలుగు చోట్ల గుంతలు తవ్వించమన్నాడు.

నల్లరేగడి సంగతి ఇల్లు కట్టేవారందరూ తెలుసుకోవలసింది. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి పట్టేంత బీటలు వేస్తుంది. దాని మీద పైపైన పునాది వేస్తే గోడ ఏటా లేస్తూ దిగుతూ చివరికి మూల నుంచి మూలకు పగులుతుంది. మా ముందు గోడ దగ్గర, రెండు పక్క గోడల దగ్గర తవ్వితే అయిదడుగుల రేగడి దాటి, కింద గట్టి గరుసు మీద పెద్ద గుండ్లు కూర్చున్నాయి. పైన ఎంత పాడైనా ఆ మూడు గోడలకు ఒక్క వాలు పగులు లేదు. వంటింటి గోడ దగ్గర నాలుగో గుంత. అక్కడ పునాది రెండడుగులే. అది తర్వాత ఎప్పుడో కట్టిన గది. గోడ నిండా పగుళ్ళు.

"మూడు ఉంచొచ్చు సార్, ఒకటి తీసేయాలి" అన్నాడు ఇంజనీరు. ముప్పై ఏళ్ళలో నేను చూసిన నివేదికలన్నిటిలోకీ అది మంచి నివేదిక.

అయితే ఆ ఇంట్లో ఉండవలసింది నేను కాదు, చిన్నమ్మ. ఆమెకు అప్పటికి ఎనభై దాటాయి. పాత గోడల మధ్య పడుకుంటావా చిన్నమ్మా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "రాయంటే నాకు భయం లేదు అబ్బీ. నెత్తిన మన్నుంటేనే నిద్ర రాదు" అంది.

ఇల్లు ఎలా ఉండాలో ఆ మాటతో తేలిపోయింది. ఇంజనీరు కాగితం మీద మూడు అంకెలు వేసి చూపించాడు. వంద చదరపు అడుగులకు పాత మట్టి మిద్దె 5 టన్నులు. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే ఇంచుమించు 3 టన్నులు. ఇనుప కమ్మీల మీద మంగుళూరు పెంకు అయితే 600, 700 కిలోలు. అంటే నూరేళ్ళుగా అయిదు టన్నులు మోసిన గోడ మీద ఇక ముక్కాలు టన్ను కూడా ఉండదు. ఈ కాగితం ఫోటో తీసి అన్నకు పంపాను. మర్నాడు ఫోను చేసి, "అయితే గోడలు ఉండనీ. కానీ ప్రతి గదికీ బాత్‌రూము ఉండాలి, మీ వదిన మాట అది" అన్నాడు. చెల్లెలు కూడా సంతకం పెట్టింది. చిన్నమ్మ ఉన్నంతకాలం ఇల్లు ఆమెదేనని కాగితం రాసుకున్నాం.

2018లో పని మొదలైంది. మొదటి నెలంతా మట్టి ఎత్తడమే. చౌడు కలిసిన మన్ను పొలానికి పనికిరాదు గనుక ఊరి బయట గుంతలో పోయించాం. దూలాలు తొమ్మిదింటిలో నాలుగు గట్టివి. చెదలు తిన్న కొనలు కోసేసి వాటిని అరుగు మీద స్తంభాలుగా నిలబెట్టాం.

ఇలాంటి రాతి గోడ నిజానికి ఒక గోడ కాదు. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, నడుమ మట్టి, చిన్న రాళ్ళు. పైనుంచి నీళ్ళు దిగితే నడుమ మట్టి జారి, ముఖాలు విడిపోయి, గోడ పొట్ట ఉబ్బినట్టు అవుతుంది. అందుకని పైన రెండడుగులు విప్పి మళ్ళీ కట్టి, అక్కడక్కడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాళ్ళు వేసి, అన్నిటి పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పోశారు. కొత్త కప్పు కూర్చున్నది ఆ బెల్టు మీదే.

రాళ్ళ సందులు సిమెంటుతో పూడిస్తే పని రెండు రోజుల్లో అయిపోయేది. కాని సిమెంటు బిగుతుగా మూసేస్తుంది. లోపలి మట్టిలో చేరిన తేమ బయటికి రాలేక గోడను లోపలే మెత్తబరుస్తుంది. సున్నం అయితే తేమను బయటికి వదులుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం మూడు ఊళ్ళు తిరిగాం. దొరికినాయన డెబ్బై ఏళ్ళ వాడు. రాతి సున్నం నీళ్ళలో విరిచి, వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో రుబ్బించాడు. "తొందరైతే సిమెంటు తెచ్చుకోండి సామీ" అనేవాడు. చివర్లో ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళు చేరారు. ఖర్చు కంటే నాకు తృప్తి కలిగించిన సంగతి అది.

పెంకు కప్పు అనగానే ఊళ్ళో అందరూ చెప్పిన మాట ఒకటే, కోతులు! మా వైపు కోతుల మందలు పెంకులు ఎత్తి కింద పడేస్తాయి. అందుకని ప్రతి పెంకునూ తీగతో కమ్మీకి కట్టించాం. గాలివానకు కూడా అది మంచిదే. మట్టి మిద్దె చల్లదనం పెంకుకు రాదు. దాని కింద జానెడు సందు వదిలి చెక్క సీలింగు వేసి, పాత గవాక్షి ఉన్న చోటనే ఎత్తుగా అద్దం పెట్టి, పక్కల వేడి గాలి పోవడానికి జాలీలు ఉంచాం. మిట్ట మధ్యాహ్నం గవాక్షి వెలుగు ఇప్పటికీ పడసాల మధ్యనే పడుతుంది.

మూడు గోడల మధ్య పాత పడసాల, గాడి కలిసి ఒకటే పెద్ద గది అయింది. పండగకు పదిహేను మంది వచ్చినా అక్కడే భోజనాలు, అక్కడే పడకలు. తలవాకిటి పక్కన, మెట్లు లేకుండా, చిన్నమ్మ గది. దానికి దారి చేయడానికి రెండడుగుల గోడను తెరవాల్సి వచ్చింది. సగం మందం తొలిచి దూలం దూర్చి, అది గట్టిపడ్డాక మిగతా సగం. ఒక తలుపుకు పన్నెండు రోజులు పట్టింది.

పడకగదులు, వంటిల్లు, బాత్‌రూములు అన్నీ వెనక కొత్త భాగంలో. ఆ గోడలకు ఎర్రమన్నులో ఇసుక, నూటికి ఏడెనిమిది పాళ్ళు సిమెంటు కలిపి మిషనులో ఒత్తిన ఇటుకలు వాడాం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన 'ఆస్ట్ర' కేంద్రం ఈ పద్ధతి మీద ఎంతో కృషి చేసింది. మా నల్లమన్ను దీనికి పనికిరాదు, ఎర్రమన్ను లారీలో తెప్పించాం. ఆ గదుల స్లాబులో, అడుగు భాగాన కాంక్రీటుకు పెద్ద పని ఉండదు గనుక, అక్కడ పాత పెంకులు పరిచి కాంక్రీటు తగ్గించాం. బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో మన దేశానికి వచ్చి, కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ప్రచారం చేసిన పద్ధతి ఇది. కొత్త భాగాన్ని పాతదానికి కలిపి కట్టలేదు. కొత్త పునాది ఇంకా కొంచెం దిగుతుంది, పాతది దిగడం ఎప్పుడో ఆగిపోయింది. కలిపితే రెండూ పగులుతాయి. అందుకని మధ్య అంగుళం సందు వదిలి, వాన దూరకుండా పైన రేకు మూత వేశారు.

ఉంచుకోలేనివీ ఉన్నాయి. వాకిట్లో జొన్నల పాతర ఉండేది. కన్నడం వాళ్ళు హగేవు అంటారు. మనిషి దిగేంత మూతి, లోపల గది అంత గుంత. మూత తెరిచిన వెంటనే దిగితే విషపు గాలికి ప్రాణం పోతుందని, దీపం దించి చూసి దిగేవారు. దాన్ని వాన నీళ్ళ తొట్టి చేద్దామని నా ముచ్చట. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 2,300 లీటర్ల పైన నీళ్ళు వస్తాయి మరి. ఇంజనీరు ఒప్పుకోలేదు. అది గోడకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది, ఎప్పుడైనా కారితే రేగడి ఉబ్బి, ఇన్నేళ్ళూ నిలబడ్డ గోడ పగులుతుందన్నాడు. మనసు ఒప్పకపోయినా గరుసు పోసి పూడ్చాం. దాని మూత బండ వేప చెట్టు కింద ఉంది. నీళ్ళ తొట్టి పెరటి చివర కట్టించాం.

వాకిలి ద్వారబంధం టేకుది. దాన్నీ గడపనూ అలాగే ఉంచాం. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మా అబ్బాయి ఆరడుగుల వాడు. వచ్చిన ప్రతిసారీ తల కొట్టుకుంటాడు, చిన్నమ్మ ప్రతిసారీ "వంగి రా నాయనా" అంటుంది.

మొత్తం ఖర్చు 24 లక్షలు. అప్పు కొత్త భాగానికే వచ్చింది. మిగతాది నా పి.ఎఫ్., అన్న, చెల్లెలు ఇచ్చినది. గోడలు ఉంచడం వల్ల డబ్బు మిగిలిందని ఎవరితోనూ అబద్ధం చెప్పను. వాటిని బాగుచేయడానికి పట్టిన ఖర్చుతో కొత్త గోడలు లేచేవి. కాని పడగొట్టి ఉంటే అయిదడుగుల లోతు పునాది, రెండడుగుల మందం గోడ ఈనాటి ధరలకు మేమెవ్వరం కట్టగలిగేవాళ్ళం కాదు. సన్నటి గోడ, వేడెక్కే స్లాబు కట్టుకుని ఎండాకాలం తలుపు తాళం వేసుకునేవాళ్ళం.

2019 ఉగాదికి గృహప్రవేశం చేశాం. చిన్నమ్మ పూజలో కూర్చుంది, భోజనం చేసింది, రాత్రికి మంచం అరుగు మీదికి మార్పించుకుంది. వేసవి అంతా అక్కడే పడుకుంది. ఉక్కగా ఉందని సాకు. మేమెవ్వరం బలవంతం చేయలేదు.

అక్టోబరులో నేను దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఒక రాత్రి జోరున వాన. అరుగు మీదికి జల్లు కొట్టింది. చిన్నమ్మ తానే లేచి దుప్పటి పట్టుకుని లోపలికి వచ్చింది. తన గదిలోకి వెళ్ళకుండా పడసాల మధ్యలో నిలబడి, టార్చి పైకి వేసి, సీలింగు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. పెంకుల మీద వాన చప్పుడు. మట్టి మిద్దెలో ఆ చప్పుడు వినబడేది కాదు.

"ఇంత మోత చేస్తాదా?" అంది.

"పెంకులు కదా చిన్నమ్మా."

"మోత ఉంటేనే మేలులే. అప్పుడు చప్పుడే లేకుండె" అని వెళ్ళి పడుకుంది. నేను చాలాసేపు మేలుకునే ఉన్నాను. తెల్లవారి ఏడింటికి గానీ ఆమె లేవలేదు.

మన సంఘంలో ఎన్నో కుటుంబాలకు ఎక్కడో ఒక ఊళ్ళో ఇలా సగం కూలిన ఇల్లు ఉండే ఉంటుంది. అమ్మాలో, పడగొట్టాలో, కట్టాలో మీ ఇంటి సంగతి మీకు తెలుసు. నా మనవి ఒక్కటే. ఏ నిర్ణయమైనా చేసే ముందు, గోడ అడుగున ఒక గుంత తవ్వించి చూడండి. కూలీ ఖర్చు ఒక రోజుది. అందులో ఏముందో మీ తాతగారు మీకు చెప్పి ఉండరు.